సుగ్గి దారిలో దేవుని నడిపింపు



పత్తి తీతలు చివరికి వచ్చాయంటే మన ప్రాంతంలో ప్రతి సేవకునికీ ఒక ప్రశ్న ఎదురవుతుంది. "అయ్యగారూ, ఈసారి సుగ్గికి పోదామనుకుంటున్నాం. ప్రార్థన చేసి చెప్పండి, పోవచ్చునా? దేవుని చిత్తం ఏమిటి?" కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, హొళగుంద, నందవరం, ఏ మండలానికి పోయినా ఇదే ప్రశ్న. అడిగేవాళ్ళు ఊరికే అడగడం లేదు. ఇంటికి తాళం వేసి, ముసలివాళ్ళను వదిలి, బిడ్డలను ఏం చేయాలో తెలియక, గుంటూరు మిరప చేలకో, తెలంగాణ పత్తి చేలకో, బెంగళూరు కట్టడం పనులకో బయలుదేరే ముందు అడుగుతున్నారు. దేవుని నడిపింపు అనే మాట మన దగ్గర ఇంత బరువైనది. కనుక ఈ వారం దాని గురించే నా మనసులో ఉన్నది రాస్తున్నాను.

దూరంగా ఉండి చదివేవారి కోసం ఒక మాట. తుంగభద్ర మనకు దగ్గరే ఉన్నా, దిగువ కాలువ నీళ్ళు మన పొలాలన్నిటికీ అందవు. అందే పొలాల్లో కూడా కాలువ చివర ఉన్న రైతు ఆకాశం వైపే చూస్తాడు. వాన వస్తే పత్తి, వేరుశనగ. ఆదోని మార్కెట్ యార్డులో పత్తికి ధర పలికితే అప్పు తీరుతుంది. వాన రాకపోయినా, ధర పడిపోయినా మిగిలేది సుగ్గే. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని, మూటా ముల్లె సర్దుకొని బండి ఎక్కుతారు. చాలామంది ఉగాది దగ్గర పడే దాకా తిరిగి రారు. క్రిస్మస్ నాడు మందిరం సగం ఖాళీగా ఉండే పల్లెలు మనకు కొత్త కాదు.

ఈ ప్రశ్నకు మన మధ్య రెండు జవాబులు తిరుగుతున్నాయి. ఆ రెండూ మనుష్యులను గాయపరుస్తున్నాయని నా అభిప్రాయం.

మొదటి జవాబు జోస్యం లాంటిది. ఫోనులో ఎవరో దైవజనుడు "నీ పొలంలో నీళ్ళు చూస్తున్నాను, బోరు వేయించు" అంటాడు. ఇంకొకరు "నీవు ఉత్తర దిక్కుకు పోతే దీవెన" అంటారు. మనవాళ్ళు నమ్మి అప్పు చేస్తారు. బోరు ఎండిపోయాక అదే నోరు "నీ విశ్వాసం చాలలేదు" అంటుంది. అప్పు ఒక భారం, దాని మీద నేరం మోపడం ఇంకో భారం. మోషే ధర్మశాస్త్రం ఇలాంటి మాట విషయంలో చాలా సూటిగా ఉంది. ప్రవక్త చెప్పినది జరగకపోతే ఆ మాట దేవునిది కాదు, దానికి భయపడనక్కరలేదు (ద్వితీయోపదేశకాండము 18:22). తప్పు విన్నవాని విశ్వాసంలో ఉందని అక్కడ ఎక్కడా లేదు.

రెండవ జవాబు మందలింపు. "దేవుడు ఇక్కడ పోషించలేడా? ఆదివారం ఆరాధన విడిచి కూలికి పరుగెత్తడం అవిశ్వాసం." ఈ మాట చెప్పడం నెల జీతం వచ్చేవారికి సులువు. ఇంట్లో జొన్నలు అయిపోయిన తల్లికి అది వాక్యంలా వినబడదు, రాయిలా తగులుతుంది.

మరి బైబిలు ఏమంటుంది? నన్ను అడిగితే, మన ప్రాంతపు క్రైస్తవులు మళ్ళీ మళ్ళీ చదవవలసిన పుస్తకం రూతు గ్రంథం. నాలుగే అధ్యాయాలు. అది సుగ్గికి పోయిన ఒక కుటుంబం కథ.

న్యాయాధిపతుల కాలంలో కరువు వచ్చింది. బేత్లెహేము అనే పేరుకు రొట్టెల ఇల్లు అని అర్థం. ఆ రొట్టెల ఇంట్లోనే రొట్టె లేకపోయింది. ఎలీమెలెకు భార్య నయోమిని, ఇద్దరు కొడుకులను తీసుకొని మోయాబుకు వలస పోయాడు. అక్కడ దాదాపు పదేండ్లు గడిచాయి. ముగ్గురు మగవాళ్ళూ చనిపోయారు. ఎలీమెలెకు పోవడమే పాపమని, అందుకే చచ్చాడని కొందరు ప్రసంగిస్తారు. కానీ ఆ నాలుగు అధ్యాయాల్లో ఆ మాట రాసి లేదు. లేఖనం ఊరుకున్న చోట మనం తీర్పు చెప్పకూడదు. లేఖనం చెప్పేది వేరే సంగతి. స్వదేశంలో దేవుడు తన ప్రజలకు మళ్ళీ ఆహారం ఇచ్చాడని నయోమి విన్నది. విని, ఉన్న బలంతో లేచి నడిచింది. కోడలు రూతు వెంట వచ్చింది. యవల కోత మొదలయ్యే వేళకు ఇద్దరు విధవరాండ్రు బేత్లెహేము చేరారు.

ఇక్కడ గమనించండి. ఈ గ్రంథం మొత్తంలో దేవుడు ఎవరితోనూ నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. దర్శనం లేదు, కల లేదు, దేవదూత లేడు, ప్రవక్త లేడు. అయినా మొదటి నుండి చివరి దాకా దేవుని నడిపింపే. అది ఎలా వచ్చింది? రూతు పొద్దున లేచి అత్తను అడిగింది, పొలానికి పోయి పరిగె ఏరుకుంటానని. అత్త పొమ్మన్నది. పోయింది. ఆమె అడుగు పెట్టిన చేను ఎవరిదో ఆమెకు తెలియదు. అది బోయజు చేను కావడం అనుకోకుండా జరిగినట్టే గ్రంథకర్త రాశాడు (రూతు 2:3). ఆమె వైపు నుండి చూస్తే అది మామూలు కూలి దినం. దేవుని వైపు నుండి చూస్తే ఆ చేనులో నుండే ఓబేదు, యెష్షయి, దావీదు, చివరికి బేత్లెహేము పశువుల తొట్టిలోని శిశువు. మత్తయి సువార్త మొదటి అధ్యాయంలోని వంశావళిలో ఈ మోయాబు కూలి మనిషి పేరు ఉంది.

రూతు "ఏ చేనికి పోవాలో ముందు చెప్పు, అప్పుడు లేస్తాను" అని కూర్చొని ఉంటే? లేచి పోయింది కనుకనే నడిపించబడింది. నడిపింపు నడిచేవారికే.

రాత్రిపూట కరెంటు వచ్చినప్పుడు చేనికి నీళ్ళు కట్టే రైతుకు ఈ సంగతి బాగా తెలుసు. చేతిలోని టార్చిలైటు ఊరి దగ్గర నుండి చేను దాకా దారంతా ఒకేసారి చూపదు. నాలుగు అడుగులు చూపుతుంది. ఆ నాలుగు నడిస్తే ఇంకో నాలుగు. నూట పంతొమ్మిదో కీర్తన రాసిన భక్తుడు వాక్యాన్ని పాదాలకు దీపంతో పోల్చింది కూడా ఇలాంటి చీకటిలోనే. అరణ్యంలో మన్నా సైతం ఏ దినానిది ఆ దినమే పడింది. విశ్రాంతి దినానికి ముందు రోజు తప్ప, రేపటికని దాచుకున్నది పురుగు పట్టింది. మనకు రేపు తెలియాలని ఉంటుంది. దేవుడు మనకు నేటి ఆహారాన్ని అడగడం నేర్పాడు.

అయితే దేవుడు కలల ద్వారా, దర్శనాల ద్వారా మాట్లాడడా అంటే, మాట్లాడతాడు. నేను కాదనను. పౌలుకు మాసిదోనియ మనుష్యుని దర్శనం వచ్చింది. కానీ ఆ భాగాన్ని నిదానంగా చదవండి (అపొస్తలుల కార్యములు 16:6-10). దర్శనానికి ముందు రెండు దారులు మూసుకుపోయాయి. దర్శనం చూసింది పౌలు ఒక్కడు. దాని భావం తేల్చుకొని బయలుదేరింది మాత్రం అందరూ కలిసి. లూకా అక్కడ "మేము" అనే రాస్తున్నాడు. ఒకని దర్శనాన్ని పదిమంది కలిసి తూచారు. మన దగ్గర ఒకడు చూస్తాడు, ఇంకొకడు అప్పు చేస్తాడు, తూచేవాడు ఉండడు. అదే మన కష్టం.

ఇప్పుడు రూతు కథలో రెండవ సంగతి. రూతు లేచి పోయింది సరే, ఆమెను చేనులోకి రానిచ్చింది ఎవరు? ధర్మశాస్త్రం. పొలం అంచుల దాకా కోయకూడదు, రాలిన పరిగె ఏరుకోకూడదు, అవి బీదలకు, పరదేశులకు వదలాలి అని దేవుడు ముందే ఆజ్ఞ ఇచ్చి ఉన్నాడు (లేవీయకాండము 19:9-10). ఆ ఆజ్ఞను గౌరవించిన రైతు ఉన్నాడు కనుక రూతుకు ఆ పూట గింజలు దొరికాయి. బోయజు ఇంకో అడుగు వేశాడు. ఆమెను ఎవరూ ముట్టకూడదని పనివాళ్ళకు ఆజ్ఞాపించాడు. దాహమైతే కుండల దగ్గరకు పోయి తాగమన్నాడు. భోజనానికి పిలిచాడు. పనల్లో నుండి కొన్ని కావాలనే లాగి పడేయమని చెప్పాడు, ఆమెను సిగ్గుపరచకుండా. పరదేశపు కూలి స్త్రీకి చేనులో కావలసినవి ఇవే కదా: భద్రత, నీళ్ళు, అన్నం, మర్యాద. దేవుని నడిపింపు బోయజు చేతుల గుండా వచ్చింది.

ఆ రోజు నయోమి, రూతు దేవుని చిత్తం కోసం ప్రార్థన చేసి ఉండవచ్చు. ఆ ప్రార్థనకు జవాబు బోయజు. మనం ఎప్పుడూ రూతు స్థానంలో నిలబడి ఈ కథ చదువుతాం. బోయజు స్థానంలో నిలబడి కూడా చదవాలి.

మన తెలుగు సంఘ చరిత్రలో కూడా ఇలాంటి అధ్యాయం ఒకటి ఉంది. 1876-78 కరువు. ధాత సంవత్సరంలో మొదలైంది కనుక పెద్దలు ధాత కరువు అన్నారు. అప్పుడు మన ఆదోని బళ్ళారి జిల్లాలో ఉండేది. బళ్ళారి, కర్నూలు జిల్లాలు ఆ కరువులో ఘోరంగా దెబ్బతిన్నాయి. అదే కాలంలో ఒంగోలులో ఉన్న బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత పని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి దొరకాలని. అనేక పల్లెల నుండి జనం నడిచి వచ్చి అక్కడ పాకలు వేసుకున్నారు. తెలుగు బోధకులే మేస్త్రీలుగా ఉండి పని చేయించారు. అలసి కూర్చున్నవారి పక్కన కూర్చొని యేసును గురించి మాట్లాడారు.

చాలామంది బాప్తిస్మం అడిగారు. క్లౌ దొర ఇవ్వలేదు. అన్నం కోసం నమ్మారనే మాట రాకూడదని, కరువు సహాయం సాగినంత కాలం ఆగాడు. సహాయం ఆగిపోయింది, ఇక ఇచ్చేందుకు ఏమీ లేదు. అయినా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క దినంలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ లెక్కను మనం గొప్పగా చెప్పుకుంటాం. లెక్క వెనుక ఉన్న ఓర్పును ఎక్కువగా చెప్పుకోవాలి. అడిగినవాళ్ళు నెలల తరబడి కాచుకున్నారు. కూలి ఆగిపోయినా నమ్మకం ఆగలేదు. తెలుగు నేల మీద విశ్వాసుల సమూహాలు పెరిగిన చోట్లలో మట్టి తట్టలు మోసే వలస కూలీల పాకలు కూడా ఉన్నాయి. అలాంటప్పుడు సుగ్గికి పోయిన మనిషి దేవునికి దూరంగా పోయాడని ఎలా అంటాం?

ఓర్పు అంటే ఏమిటో మన ఎమ్మిగనూరు మగ్గాలు చూసినా తెలుస్తుంది. ఒక్కొక్క పేక పోగు వేస్తూ పోవాలి. నాడె అటు పోతుంది, ఇటు వస్తుంది. గంట కూర్చున్నా గుడ్డ పెరిగినట్టు కనబడదు. సాయంత్రానికి చూస్తే మూరలు తేలతాయి. అయితే ఇంకో సంగతి ఉంది. నేసేది ఒక్కడే అయినా, పడుగును వీధిలో సాగదీసి గంజి పెట్టేటప్పుడు నలుగురి చేతులు కావాలి. 1938లో మాచాని సోమప్ప గారు ఎమ్మిగనూరులో నేతగాళ్ళ సహకార సంఘం స్థాపించింది కూడా ఒంటరి నేతగాడు అప్పుల్లో నిలబడలేడని తెలిసే. విశ్వాసం కూడా అంతే. నీ మగ్గం నీవే నేయాలి. పడుగు మాత్రం సంఘం కలిసి సాగదీయాలి.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది గుర్తుందా? డ్యాం నిండిన సంతోషం ఒక్క రాత్రిలో భయమైపోయింది. దిగువ కాలువ కింద ఉన్న మన రైతుల ప్రాణాలు గొంతులోకి వచ్చాయి. వారం రోజుల్లో గేట్ల నిపుణులు కన్నయ్యనాయుడు గారి ఆధ్వర్యంలో పారే నీళ్ళలోనే ఇనుప పలకలు దించి ఆ ఖాళీని మూశారు. మోకరించినవాళ్ళకు జవాబు వచ్చింది. ఆ వరద ముందు నిలబడిన కార్మికుల చేతుల మీదుగా వచ్చింది. ప్రార్థన చేసి చేతులు ముడుచుకొని కూర్చునేవానికి ఇది ఒక పాఠం. పని చేస్తూ దేవుణ్ణి మరిచిపోయేవానికి కూడా పాఠమే.

కనుక "సుగ్గికి పోవచ్చునా?" అని అడిగేవారికి నా మాట ఇది. పోవడం పాపం కాదు, ఉండిపోవడం పుణ్యం కాదు. యాకోబు చెప్పినట్టు, రేపు ఫలానా ఊరికి పోయి లాభం సంపాదిస్తామని గట్టిగా చెప్పుకోకుండా, ప్రభువు చిత్తమైతే బ్రతికి ఉండి ఇది చేద్దాం అనుకొని ఆలోచించండి (యాకోబు 4:13-15). ఆ ఆలోచన భార్యాభర్తలు కలిసి చేయండి. మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సు ఎంత, కూలి దినానికా, కిలోకా, ఉండేది ఎక్కడ, తాగే నీళ్ళు ఎక్కడ నుండి, ఇవన్నీ అడిగి నోటు పుస్తకంలో రాసుకోండి. లెక్క అడగడం అవిశ్వాసం కాదు. కోత కోసినవారికి ఇవ్వని కూలి దేవుని చెవుల్లో మొరపెడుతుందని రాసింది కూడా ఆ యాకోబే (5:4). అంటే కూలి లెక్క దేవుడు చూసే లెక్క.

మరి సంఘం? మనం చేసేది చాలాసార్లు ఇంతే: బండి ఎక్కే ముందు తల మీద చేయి పెట్టి ప్రార్థన, "దేవుడు తోడుగా ఉంటాడు, పోయి రండి" అనే మాట. మంచిదే. కానీ బట్టలు లేనివానికి, అన్నం లేనివానికి ఏమీ ఇవ్వకుండా సమాధానంగా పొమ్మంటే ఏమి ప్రయోజనం అని యాకోబు అడిగిన ప్రశ్న మన గుమ్మం ముందే ఉంది (2:15-16). తల్లిదండ్రులతో బండి ఎక్కిన బిడ్డ ఆ సంవత్సరం చదువు పోగొట్టుకుంటుంది. మిరప చేనులో చేతులు మండే ఆ చిన్నబిడ్డ రేపు బడికి తిరిగి పోతుందో లేదో తెలియదు. నాకు ఈ ఒక్క సంగతి నిద్ర పట్టనివ్వదు.

అందుకే ప్రతి పల్లెలోని సంఘాన్ని బతిమాలుతున్నాను. సుగ్గికి పోయే ఇండ్ల పేర్లు రాయండి. వలస పోయినవారి బిడ్డల కోసం ప్రభుత్వం నడిపే సీజనల్ హాస్టల్ మీ ఊళ్ళోనో పక్క ఊళ్ళోనో ఉందేమో బడి హెడ్మాస్టరును అడిగి, బిడ్డలను చేర్పించండి. హాస్టల్ లేకపోతే ఒక్కొక్క విశ్వాసి ఇంట్లో ఒక్క బిడ్డకు చోటు ఇవ్వలేమా? మూడు నాలుగు నెలల అన్నమే కదా. ముసలివాళ్ళకు రేషను తెచ్చిపెట్టడం, జ్వరం వస్తే ఆసుపత్రికి తీసుకుపోవడం యౌవనస్థుల కూటం పనిగా పెట్టుకోండి. పోయినవారు పనిచేసే ఊరికి దగ్గరలో ఏ సంఘం ఉందో విచారించి అక్కడి సేవకునికి ఫోను చేయండి. ఆదివారం సాయంత్రం వారికి ఒక ఫోను, ఒక కీర్తన, ఒక ప్రార్థన. బోయజు వదిలిన పనలు ఇవే.

ఉగాది వేళకు తిరిగి వచ్చినవారిని "ఇన్ని ఆదివారాలు ఎక్కడికి పోయారు?" అని అడగకండి. నయోమి తిరిగి వచ్చినప్పుడు బేత్లెహేము స్త్రీలు ఆమె చుట్టూ చేరారు. ఆమె తన చేదును దాచకుండా చెప్పుకుంది. దేవుడు ఆ మాటలను లేఖనంలో ఉండనిచ్చాడు. మన మందిరంలో కూడా చేదు చెప్పుకునే చోటు ఉండాలి. చేదు చెప్పుకున్న నోటితోనే ఒక దినం స్తోత్రం వస్తుంది. పంట లేకపోయినా, దొడ్లో పశువులు లేకపోయినా ప్రభువునందు ఆనందిస్తానన్న హబక్కూకు కూడా, ముందు దేవునితో ఎంతకాలమని మొరపెట్టిన తరువాతే ఆ మాట అన్నాడు.

పోయేవారికి ఒక చివరి మాట. మీరు దిగే చేను ఎవరిదో మీకు తెలియదు. మిమ్మల్ని పంపుతున్నవానికి తెలుసు. పొద్దున బుట్ట పట్టుకునే ముందు ఒక్క నిమిషం ఆయన పేరు తలచుకోండి. సాయంత్రం లెక్క రాసుకున్నాక ఒక్క నిమిషం కృతజ్ఞత చెప్పండి. అది కూడా ఆరాధనే. ఉండేవారికి ఒక మాట. పక్క ఇంటికి తాళం పడితే, ఆ ఇంటి బిడ్డ ఎక్కడ ఉందో ఈ రాత్రే అడగండి.

ప్రార్థన చేద్దాం. తండ్రీ, దారిలో ఉన్న నీ బిడ్డలను కాపాడుము. వారి కూలి వారికి దక్కనిమ్ము. వారి బిడ్డలు బడిలో ఉండునట్లు మా తలుపులు తెరువుము. రేపటిని గూర్చిన భయము తీసివేసి, నేటి అడుగు వేయుటకు బలము దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.

ప్రభువు కృప మీ అందరికీ తోడైయుండును గాక.